చెల్లికి పేనుకొరుకుడు వచ్చి తగ్గింది

తగ్గేవరకూ ఇంట్లో అందరికీ టెన్షనే. చెవి వెనక రూపాయి బిళ్ళంత మేర వెంట్రుక అన్నదే లేకుండా నున్నగా అయిపోయింది. ఒకరు ఉల్లిపాయ రసం అన్నారు, ఇంకొకరు గురివింద గింజ అరగదీసి రాయమన్నారు. గురివింద విషం, దయచేసి ఎవరూ ఆ పని చేయకండి.

చర్మ డాక్టరుగారు చెప్పింది విన్నాకే మనసు కుదుటపడింది. ఒంట్లోని రోగనిరోధక శక్తే వెంట్రుకల కుదుళ్ళ మీద దాడి చేస్తుందట. కుదుళ్ళు మాత్రం చచ్చిపోవు, అందుకే జుట్టు తిరిగి వచ్చే అవకాశం ఉంటుంది. ఆ మచ్చలోనే సన్నటి సూదితో కొద్దికొద్దిగా స్టెరాయిడ్ ఇంజెక్షన్లు ఇచ్చారు, కొన్ని వారాలకోసారి. సూది దిగిన ప్రతిసారీ చెల్లి నా చెయ్యి గట్టిగా పట్టుకునేది. మొదట తెల్లటి నూగు వచ్చింది, తర్వాత మెల్లగా నల్లబడింది. తీవ్రంగా ఊడిపోయే పెద్దవాళ్ళ కోసం బారిసిటినిబ్ అనే మాత్రకు 2022లో అమెరికాలో అనుమతి కూడా వచ్చింది.

నాకు కోపమల్లా మేం ముందు వెళ్ళిన ఒక క్లినిక్ మీదే. జుట్టు ఊడటం ఏ రకమో తేల్చకుండానే జుట్టు నాటే ట్రాన్స్‌ప్లాంట్ ప్యాకేజీ చెప్పారు! అది ముఖ్యంగా వంశపారంపర్యంగా వచ్చే బట్టతలకు. పేనుకొరుకుడు ఇంకా ముదురుతుండగా చేస్తే నాటిన జుట్టూ ఊడిపోవచ్చు.

డెంగీ, టైఫాయిడ్, కాన్పు తర్వాత రెండు మూడు నెలలకు కుచ్చులుగా రాలేది వేరే రకం. చాలామందికి దానంతటదే ఆగిపోతుంది, కంగారుపడి వేలు తగలేయకండి. బట్టతలకు మినాక్సిడిల్ అనే మందు వాడేవాళ్ళకు మొదటి వారాల్లో రాలడం ఎక్కువైనట్టు అనిపిస్తుంది, భయపడి మధ్యలో ఆపేయొద్దు.