తెల్ల పాదం ముందు ఐదు వారాలు

బొమ్మలు వేయడం నేర్చుకోవడానికి చేరాక, మొదటి రోజే రంగులు కలిపేస్తాననుకుని పాలెట్ చంకన పెట్టుకుని వెళ్లాను. మాస్టారు దాన్ని అందుకుని బీరువా మీద పెట్టేశారు. మళ్లీ అది కిందికి దిగింది ఏడాదిన్నర తర్వాతే.

ఈలోగా బొగ్గూ కాగితమే. ముందు బార్గ్ బొమ్మలు చూసి గీయించారు. చార్లెస్ బార్గ్ 1860ల చివర్లో, జెరోమ్ అనే చిత్రకారుడి తోడ్పాటుతో, నేర్చుకునేవాళ్ల కోసమే తయారుచేసిన లిథోగ్రాఫులివి, అంటే రాతి మీద గీసి అచ్చు తీసిన బొమ్మలు. చిత్రకారుడు వాన్ గో కూడా వీటిని కూర్చుని కాపీ చేశాడని తెలిశాక నా విసుగు కొంత తగ్గింది. ఆ తర్వాత ప్లాస్టర్ పాదం. ఒకే ఒక్క పాదం. రోజుకు మూడు గంటల చొప్పున ఐదు వారాలు.

మాకు నేర్పింది సైట్ సైజ్ పద్ధతి. ఎదురుగా ఉన్న వస్తువునీ కాగితాన్నీ పక్కపక్కన నిలబెట్టాలి. ఆరేడు అడుగులు వెనక్కి వచ్చి, నేల మీద టేపు అంటించిన చోటే నిలబడి రెండింటినీ ఒకే కొలతలో చూడాలి. దారానికి గుండు కట్టి కంటికి ఎదురుగా వేలాడదీస్తే, బొటనవేలి గోరు మడమకు ఎంత పక్కగా ఉందో తెలుస్తుంది. చూసింది మనసులో పెట్టుకుని ముందుకెళ్లి ఒక గీత గీయాలి. మళ్లీ వెనక్కి. ఇంటికొచ్చేసరికి నొప్పి చేతికి కాదు, కాళ్లకు.

మూడో వారంలో ఓపిక నశించింది. "వేలు ఎంతకీ కుదరట్లేదు మాస్టారూ" అన్నాను.

"వేలన్న సంగతి మర్చిపోమ్మా. కళ్లు సగం మూసి చూడు. అక్కడ నీకేం కనిపిస్తోంది?"

కళ్లు చికిలించాను. వేళ్లు మాయమయ్యాయి. వేళ్ల సందుల్లోని నీడ, పాదం కింద బల్ల మీద పడ్డ నీడ కలిసిపోయి ఒకే మరకైపోయింది, చిరిగిన జెండాలా. ఆ జెండాను గీశాను. దాని పక్కన వేళ్లు వాటంతటవే వచ్చి కూర్చున్నాయి.

ఇంకో తప్పు పోవడానికి చాలా నెలలు పట్టింది. బల్ల మీద నుంచి తిరిగి నీడలోకి పడే పల్చటి వెలుగును చూసి మురిసిపోయి, దాన్ని దాదాపు తెల్లగా వదిలేసేదాన్ని. ప్లాస్టర్ కాస్తా ఇత్తడి చెంబులా మెరిసేది! మామూలుగా, వెలుగు వైపున్న అతి ముదురు చోటు కన్నా కూడా ఈ నీడలోని వెలుగు ముదురుగానే ఉంటుంది. అది మాటల్లో విన్నరోజు కాదు, బొగ్గుతో పది సార్లు చెడగొట్టాకే ఒంటబట్టింది.

రంగుల్లోకి వచ్చాక నాలుగే ఇచ్చారు: తెలుపు, పసుపు ఓకర్ అనే మట్టి పసుపు, వెర్మిలియన్ అనే ఎరుపు, ఐవరీ బ్లాక్ అనే నలుపు. నీలం లేకుండా ముఖమెలా వేస్తామని గొణుక్కున్నాను. నలుపూ తెలుపూ కలిపిన బూడిదరంగును ఎర్రటి బుగ్గ పక్కన పెట్టగానే అదే నీలంగా కనిపించింది.

పని మొదలుపెట్టాక తగిలిన మొదటి దెబ్బ నా తొందరపాటే. ఒక పెద్దాయన పోర్ట్రెయిట్‌కి వెనకభాగమంతా అవిసె నూనె దండిగా కలిపిన నలుపు పూశాను. అది ఆరకముందే దాని మీద టర్పెంటైన్‌తో పల్చన చేసిన అంబర్ అనే గోధుమ మట్టిరంగు వేశాను. ఐవరీ బ్లాక్ నెమ్మదిగా ఆరుతుంది, అంబర్ గబగబా ఆరుతుంది. కింది పొర ఇంకా కదులుతుంటే పైది బిగుసుకుపోయింది. నాలుగు నెలలకు ఎండిన చెరువులా బీటలు. పల్చటి పొర మీద నూనె పొర వేయాలి గానీ తిరగేసి కాదని పాఠం అప్పజెప్పినదాన్నే నేను! డబ్బు తిరిగిచ్చేస్తానన్నాను. ఆయన వద్దన్నారు. "వెనక ఏమైనా చేసుకోండి, ముఖం మాత్రం ముట్టుకోకండి" అన్నారంతే. వెనకభాగం గీకి మళ్లీ వేశాను, ఈసారి వార్నిష్‌కు ఆరు నెలలు ఆగాను.

ఇప్పుడు సగం రాబడి పోర్ట్రెయిట్ల మీద, సగం పాఠాల మీద. ఫొటో ఒక్కటే ఇచ్చి వేయమంటే ఒప్పుకోను. ఫొటోలో నీడలు చాలాసార్లు నల్లగా మూసుకుపోయి ఉంటాయి, మనిషి ఎదురుగా ఉంటే వాటి లోపల ఎంతో కనిపిస్తుంది. కనీసం రెండుసార్లు కూర్చోమంటాను. కొందరు అక్కడే వెళ్లిపోతారు, పోనీ.

ఈ నెల ఒకావిడ పోర్ట్రెయిట్ వేస్తున్నాను. ఆవిడ నాలుగుసార్లు కూర్చున్నారు, రెండుసార్లు కునుకు తీశారు. ఎడమ చెవి అంచును నీడలో కలిపేయాలా, సన్నగా పట్టుకోవాలా అన్నది ఇంకా తేలలేదు. రేపు పదింటికి మళ్లీ వస్తారు.