గోడల మీది మరకలతో గీసిన మ్యాపు

వాన పడుతుంటే ఏ గల్లీలోకి ఎంతసేపట్లో నీళ్లు వస్తాయో ముందే చెప్పొచ్చా? 2023 జూలై వరదల తర్వాత మా కాలనీ సంఘం వాళ్లు నన్ను అడిగింది ఇదే. నేను హనుమకొండలో ఒక ప్రైవేటు సర్వే సంస్థలో మ్యాపుల పని చేస్తాను. జీఐఎస్, అంటే కంప్యూటర్‌లో మ్యాపులకు సమాచారం జోడించి చూసే పద్ధతి, నా రోజువారీ పని. చెప్పొచ్చనే అన్నాను. కానీ ఆ మాట నిలబెట్టుకోవడానికి ఎంత దూరం నడవాల్సి వస్తుందో అప్పుడు తెలియదు. మన దగ్గర ఇంకా చాలా కాలనీలకు ఈ పని అవసరం కాబట్టి, జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

ఆ జూలై వాన సంగతి మన వైపు వాళ్లకు కొత్తగా చెప్పక్కర్లేదు. ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో ఒక్క రోజులో 649.8 మిల్లీమీటర్లు కురిసింది. 27న వరంగల్, హనుమకొండల్లో లోతట్టు కాలనీలన్నీ మునిగాయి. హంటర్ రోడ్డు వైపు ఎన్టీఆర్ నగర్, సంతోషిమాత కాలనీ వాళ్లు పడ్డ బాధ అంతా ఇంతా కాదు. తర్వాత రెండు రోజులకే పోతననగర్ దగ్గర భద్రకాళి చెరువు కట్టకు గండి పడింది. మా కాలనీ వెనక పారే కాలువ నయీంనగర్ నాలాలో కలుస్తుంది. నాలా నిండితే మా కాలువ నీళ్లకు పోయే దారి ఉండదు. 2020 ఆగస్టులోనూ ఇలాగే మునిగాం.

ముందు ఉపగ్రహ చిత్రాలు తీశాను. యూరప్ వాళ్ల సెంటినెల్-2 ఉపగ్రహం చిత్రాలు ఉచితం, ఒక్కో చుక్క నేల మీద 10 మీటర్లు. వరద రోజుల్లో తీసినవాటిలో మాత్రం మబ్బులు తప్ప ఏమీ లేవు. సెంటినెల్-1 రాడార్‌కు మబ్బు అడ్డం కాదు. నిలిచిన నీళ్లు అందులో నల్లగా కనిపిస్తాయి. ఊరి బయట పొలాల్లో అలా బాగానే కనిపించాయి. ఇళ్ల మధ్యకు వచ్చేసరికి గోడలకు తగిలిన తరంగాలు బలంగా వెనక్కి వచ్చి, నీళ్లున్న గల్లీ కూడా తెల్లగానే కనబడుతుంది. మా కాలనీ మొత్తం మునిగిన రోజున ఆ చిత్రంలో మా కాలనీ పొడిగా ఉన్నట్టే ఉంది. చెరువుల విస్తీర్ణం చూడటానికి, ఏ వైపు కట్టడాలు పెరిగాయో చూడటానికి ఈ చిత్రాలకు మించినవి లేవు. గల్లీ వరదకు మాత్రం ఇవి పనికిరావు.

తర్వాత నేల ఎత్తుపల్లాల డేటా. మన కార్టోశాట్-1 ఉపగ్రహం ఇచ్చిన ఎత్తుల మ్యాపు ఇస్రో వెబ్‌సైటు భువన్‌లో దొరుకుతుంది. అమెరికా వాళ్లు 2000 ఫిబ్రవరిలో స్పేస్ షటిల్ నుంచి కొలిచిన ఎస్ఆర్‌టీఎం అనే ఎత్తుల డేటా కూడా ఉంది. రెండూ 30 మీటర్ల గళ్లే. వాన నీళ్లు ఏ దిక్కు నుంచి ఏ చెరువుకు చేరతాయో, మా కాలువకు ఎంత మేర నుంచి నీళ్లొస్తాయో క్యూజీఐఎస్ అనే మ్యాపుల సాఫ్ట్‌వేర్‌లో వీటితోనే తీశాను. అయితే ఇందులో రైల్వే కట్ట, రోడ్డు కట్ట అడ్డుగోడల్లా కనిపిస్తాయి. కట్ట కింద నీళ్లు పోయే మోరీ ఉందని కంప్యూటర్‌కు తెలియదు కదా. నీళ్లు కట్టకు ఇవతలే ఆగిపోయినట్టు గీస్తుంది. ప్రతి మోరీ దగ్గరా మనమే గీత గీసి దారి తెరవాలి. పైగా ఎత్తుల్లో కొన్ని మీటర్ల తేడా మామూలే. ఇంట్లోకి నీళ్లు రావడమా రాకపోవడమా అన్నది జానెడు ఎత్తు తేల్చే విషయం. ఆ డేటాతో జానెడు లెక్క తేలదు.

అందుకే కాలువ పొడవునా నడిచాం. ఫోన్‌లో క్యూఫీల్డ్ అనే సర్వే యాప్ పెట్టుకుని కాలువ వెడల్పు, లోతు, మోరీ సైజు, అడ్డం వచ్చిన పైపులు అన్నీ ఫొటోలతో సహా ఎక్కించాం. కాలనీలోని ఇంటర్ పిల్లలు టేపు పట్టుకున్నారు. గొలుసుతో కొలిచే చైన్ సర్వే కాలం నుంచి ఈ పనిలో ఉండి రిటైరైన ఒక సార్ మాతో వచ్చారు. పాత గ్రామ నక్షాను ఎలా చదవాలో ఆయన దగ్గరే నేర్చుకున్నాను. నక్షాను స్కాన్ చేసి నేటి మ్యాపు మీద కూర్చోబెట్టాలంటే, అప్పటి నుంచి కదలని గుర్తులు కావాలి. హద్దు రాళ్లు, పాత బావి, గుడి, చెరువు తూము లాంటివి. "అమ్మా, రోడ్డు మూలల్ని నమ్మకు, అవి జరుగుతయి. తూము జరగదు" అన్నారు సార్. తూము, గుడి, రెండు హద్దు రాళ్లు పట్టుకుని సరిచేశాక నక్షాలోని కాలువ, నేటి కాలువ ఒకదాని మీద ఒకటి వచ్చాయి. దారి అదే, వెడల్పు మాత్రం అది కాదు. కొన్నిచోట్ల సగం కూడా మిగల్లేదు.

కాకతీయుల కాలం నుంచి ఇది గొలుసుకట్టు చెరువుల నేల. పై చెరువు నిండి మత్తడి దూకితే ఆ నీళ్లు కింది చెరువుకు పోతాయి. ఆ దారి మధ్యలోనే మన కాలనీలు వచ్చాయి. ఒక హెక్టారు మీద ఒక్క సెంటీమీటరు వాన పడితే లక్ష లీటర్లు. ఒకప్పుడు అందులో కొంత మట్టిలోకి ఇంకేది. ఇప్పుడు సీసీ రోడ్డు మీదుగా దాదాపు అంతా కాలువలోకే వస్తుంది. కాలువేమో సన్నబడింది. నీళ్లు ఎక్కడికి పోవాలి?

ఈ పనిలో నా మనసుకు బాగా పట్టింది మరకల సర్వే. వరద తగ్గాక గోడల మీద బురద గీత ఉండిపోతుంది. సున్నం వేసినా చాలాచోట్ల పట్టి చూస్తే కనబడుతుంది. లేకపోయినా మనుషులకు గుర్తుంటుంది. ఇంటింటికీ పోయి, "నీళ్లు ఎందాక వచ్చినయి?" అని అడిగాం. ఒక అవ్వ గోడకున్న దేవుని పటం చూపించి, "ఈ మేకు దాక వచ్చినయి బిడ్డా, పటం తీసి నెత్తి మీద పెట్టుకున్న" అంది. కిరాణా షాపు కాక బియ్యం బస్తాలు పేర్చిన చెక్క అరను చూపించాడు. కింది వరుస తడిసింది, రెండో వరుస మిగిలింది. సెంటీమీటర్లలో కొలవదగ్గ సాక్ష్యం అది. ఏ ఉపగ్రహం ఇస్తుంది అలాంటి కొలత! 2020 మరక ఏది, 2023 మరక ఏది అని కూడా ఆడవాళ్లు స్పష్టంగా చెప్పారు. ఇల్లు కడిగింది వాళ్లే కదా.

ఆ మరకలన్నిటికీ ఆటో లెవెల్‌తో, అంటే ఎత్తుల తేడా కొలిచే సర్వే పరికరంతో, ఎత్తులు తీశాం. ఇక్కడ ఒక మాట గట్టిగా చెప్పాలి. ఫోన్ జీపీఎస్ ఇచ్చే ఎత్తును ఇలాంటి పనికి అసలు వాడొద్దు. పెద్ద జీపీఎస్ పరికరం పెట్టినా, అది నేరుగా ఇచ్చే ఎత్తు భూగోళపు లెక్కల నమూనా నుంచి కొలిచింది, సముద్ర మట్టం నుంచి కాదు. మన ప్రాంతంలో ఆ రెంటికీ సుమారు 70 మీటర్ల తేడా ఉంటుంది. రెండు డిపార్టుమెంట్ల మ్యాపులు రెండు రకాల ఎత్తుల్లో ఉంటే, వాటిని కలిపే ముందు ఇది చూసుకోవాలి. మేము హనుమాన్ గుడి మెట్టును 100.000 మీటర్లు అని పెట్టుకుని, మరకలు, గడపలు, కాలువ అడుగు, మోరీ స్లాబు అన్నిటినీ దానితోనే లెక్కగట్టాం.

ఆ ఎత్తుల్ని మ్యాపు మీద పెట్టిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు. పారే వరద పైభాగం కొద్దిగా వాలుగా ఉంటుంది, పైన ఎత్తు, కింద తక్కువ. మా కాలనీలో మరకలు కొంతదూరం అలాగే మెల్లగా దిగుతూ వచ్చాయి. ఒక మోరీ దగ్గర మాత్రం ఒక్కసారిగా అర మీటరుకు పైగా పడిపోయాయి. పై వైపు ఇళ్లలో నడుం లోతు, కింది వైపు ఇళ్లలో మోకాలి లోతు. మమ్మల్ని ముంచింది వాన ఒక్కటే కాదు, ఆ మోరీ కట్టలా నిలబడి నీళ్లను ఆపింది. పోయి చూస్తే మోరీ నోట్లో అడ్డంగా రెండు పైపులు, వాటికి చుట్టుకున్న ప్లాస్టిక్ కవర్లు, అరటి గెలల కాడలు, చిరిగిన పరుపు. అప్పటిదాకా "పై నుంచి నీళ్లొస్తున్నయి, మనమేం జేస్తం" అనుకున్నవాళ్లే ఆ మ్యాపు చూశాక మాట మార్చారు.

కాలువలో నీళ్లు ఎంత పెరిగాయో ఎప్పటికప్పుడు తెలియాలంటే వంతెన దగ్గర సెన్సర్ కావాలి. మ్యాపుతో పోలిస్తే ఆ పని తేలిక. వంతెన గోడకు పెట్టుకోవడానికి కాలనీ సంఘం తరఫున దరఖాస్తు ఇచ్చాం, అనుమతి వచ్చింది. స్లాబు నుంచి నీళ్ల దాకా ఉన్న దూరాన్ని శబ్దంతో కొలిచే అల్ట్రాసోనిక్ సెన్సర్, ఈఎస్‌పీ32 అనే చిన్న కంప్యూటర్ బోర్డు, సిమ్ మాడ్యూల్, చిన్న సోలార్ ప్యానెల్, బ్యాటరీ. శబ్దం వేగం వేడిని బట్టి మారుతుంది. 10 డిగ్రీల తేడాకు 3 మీటర్ల దూరంలో 5 సెంటీమీటర్లు తప్పు చూపిస్తుంది. అందుకని ఉష్ణోగ్రత కొలిచేది కూడా పక్కన పెట్టాలి. ఇలాంటి సెన్సర్‌కు ముఖం ముందు జానెడు దూరం కనబడదు, కాబట్టి వరద అంత దగ్గరికి రాని ఎత్తులో బిగించాలి. సాలీడు గూడు కట్టినా లెక్క తప్పుతుంది. నెలకోసారి తుడవడానికి ఎవరు పోతారో ముందే అనుకోవాలి. డబ్బుంటే రాడార్ సెన్సర్ మేలు.

సెన్సర్ పంపేది ఉత్త దూరం. "నీళ్లు 1.4 మీటర్ల కింద ఉన్నాయి" అని ఫోన్‌లో వస్తే ఎవరికి ఏం అర్థమవుతుంది? అదే దూరాన్ని గుడి మెట్టు లెక్కలోకి మార్చి, ప్రతి ఇంటి గడప ఎత్తుతో పోల్చితే అప్పుడది కబురవుతుంది. మ్యాపులో ప్రతి ఇల్లూ ఒక చుక్క, దాని వెనక పట్టికలో గడప ఎత్తు. మట్టం పెరిగేకొద్దీ ఆ చుక్కలు పచ్చ నుంచి పసుపు, ఎరుపు అవుతాయి. చాలా నగరాల్లో కంట్రోల్ రూముల గోడ మీద పెద్ద తెరలు పెట్టి చూసే రియల్ టైమ్ మానిటరింగ్ వెనక కూడా ఈ పట్టికే ఉండాలి. పట్టిక లేకుండా తెర ఎంత పెద్దదైనా లాభం లేదు.

కబురు పంపే దారి దగ్గర కొంత టెన్షన్ పడ్డాం. సంఘం పేరుతో అందరికీ ఎస్ఎంఎస్ పంపాలంటే టెలికాం కంపెనీల దగ్గర డీఎల్‌టీ రిజిస్ట్రేషన్, మెసేజ్ నమూనాకు ఆమోదం కావాలి. అందుకే టెలిగ్రామ్‌లో తనంతట తానే కబురు పంపే బాట్ పెట్టి, అక్కడి నుంచి వాట్సాప్ గ్రూపుల్లోకి చేరవేసే బాధ్యత గల్లీకి ఒకరికి ఇచ్చాం. ఎక్కువమంది మహిళా సంఘాల అక్కలే. కరెంటు పోతే, టవర్ పోతే ఎట్లా అని వాళ్లే అడిగారు. సెన్సర్ నుంచి వరసగా కబురు రాకపోతే అదే ఒక హెచ్చరికగా తీసుకుని, ఒకరు గొడుగు పట్టుకుని వంతెన దగ్గరికి పోయి గోడ మీది రంగు గీతలు చూడాలని నిర్ణయించాం. ఆ గీతలు కూడా గుడి మెట్టు లెక్కతోనే గీశాం.

ఎంత మట్టానికి మొదటి హెచ్చరిక ఇవ్వాలన్న దానిపై చాలా వాదన జరిగింది. తొందరగా ఇస్తే రెండుసార్లకే జనం పట్టించుకోరు, ఆలస్యమైతే సామాను ఎత్తుకునే టైమ్ ఉండదు. రేకుల ఇళ్లవాళ్లు తొందరగా కావాలన్నారు. నేను వాళ్ల పక్షానే మాట్లాడాను. మేడ మీద గది ఉన్నవాళ్లకు పది నిమిషాలు చాలు, ముసలి తల్లిని ఎత్తుకుని పోవాల్సిన మనిషికి గంట కూడా తక్కువే. చివరికి అందరికంటే కింద ఉన్న గడపను పట్టుకునే హెచ్చరిక పెట్టాం. రాష్ట్ర అభివృద్ధి ప్రణాళిక సొసైటీ ఆటోమేటిక్ వాతావరణ కేంద్రాల వాన లెక్కలు కూడా పక్కన పెట్టి చూస్తాం. మడికొండ, కాజీపేట వైపు గట్టిగా కురిస్తే మా దగ్గర ఎండ ఉన్నా కాలువ పెరుగుతుంది.

ఒక అర్ధరాత్రి వానకు మొదటి కబురు పోయింది. కింది గల్లీలో బియ్యం, గ్యాస్ సిలిండర్లు, పిల్లల పుస్తకాలు పైకెక్కాయి. తర్వాత నీళ్లు గడప దాటి లోపలికి వచ్చాయి. నష్టం మాత్రం చాలా తగ్గింది.

ఇప్పుడు ఈ మ్యాపు కోసం ప్లాటు కొనేవాళ్లు కూడా వస్తున్నారు. నాకు సంతోషమే. 2012 నాటి జీవో 168 ప్రకారం 10 మీటర్లకు మించిన వెడల్పు ఉన్న నాలాకు 9 మీటర్లు, అంతకు తక్కువదానికి 2 మీటర్లు ఏమీ కట్టకుండా వదలాలి. 10 హెక్టార్లు, అంతకు మించిన చెరువుకు ఎఫ్‌టీఎల్ (చెరువు పూర్తిగా నిండినప్పటి నీళ్ల హద్దు) నుంచి 30 మీటర్లు. కాగితం మీద ఈ అంకెలు చదివితే తలకెక్కవు. కొనబోయే ప్లాటు మీద నుంచే ఆ గీత పోతోందని మ్యాపులో చూస్తే మనిషి బయానా ఇవ్వకుండా ఆగుతాడు. చెరువు నీళ్లు నిలిచే శిఖం భూమిలో ప్లాట్లు అంటగట్టే వాళ్ల మాట కంటే ఈ గీత బలమైనదని నా నమ్మకం.

మరకల మ్యాపు చూపించాక ఇంజినీర్లు ఆ మోరీ దగ్గరికి వచ్చి చూశారు. పైపులు పక్కకు జరిపించారు, మోరీని వెడల్పు చేశారు. దాంతో మా పాత లెక్కలు మారాయి. నయీంనగర్ నాలా మీద కూడా పాత వంతెన తీసేసి 2024లో కొత్తది కట్టారు కాబట్టి, 2023 మరకల్ని ఇక ముందు అదే వానకు అదే మట్టం అని చదవకూడదు. వెడల్పైన మోరీ నుంచి నీళ్లు ఇంతకుముందు కంటే త్వరగా కిందికి పోతాయి. అంటే కింది కాలనీకి టైమ్ తగ్గుతుంది. ఈ విషయం వాళ్లకు మేమే పోయి చెప్పాం, మ్యాపు, ఎత్తుల పట్టిక ఇచ్చాం. మృగశిర కార్తె లోపు అక్కడి గడపలకు లెవెల్స్ తీయడం పూర్తి చేయాలి. ఆటో లెవెల్, దానితో వాడే కొలత కర్ర మా దగ్గరివే ఇస్తున్నాం. టేపు పట్టుకోవడానికి ఈసారి వాళ్ల పిల్లలు వస్తున్నారు.