అభ్యర్థి చేతికి ఇవ్వవలసిన ప్రశ్న
హైదరాబాదులో డెవలపర్లను ఇంటర్వ్యూ చేయడం మొదలుపెట్టిన రోజుల్లో, డేటాను గొలుసులా కలిపి ఉంచే లింక్డ్ లిస్ట్‌ను తిరగవేయమని అడిగి, తడబడకుండా రాసినవారినే సమర్థులుగా భావించేవాణ్ణి. అమీర్‌పేట కోచింగ్ సెంటర్లలో అదే ప్రశ్నను వల్లెవేసి వచ్చినవారికీ, అక్కడికక్కడే ఆలోచించి రాసినవారికీ తేడా నాకు తెలిసేది కాదు.

ఇప్పుడు ఒక లోపమున్న చిన్న ప్రోగ్రామును చేతికిస్తాను: ఒకే సీటును ఇద్దరు ఒకే క్షణంలో బుక్ చేస్తే ఇద్దరికీ టికెట్ ఇచ్చేసే కోడ్ అది. దాన్ని చదువుతూ ఏ ప్రశ్నలు వేస్తారు, ముందు టెస్ట్ (కోడ్ సరిగా పనిచేస్తోందో పరీక్షించే చిన్న ప్రోగ్రాము) రాసి లోపాన్ని బయటపెడతారా, వారి ఆలోచన డేటాబేస్ ట్రాన్సాక్షన్ (మార్పులన్నీ కలిసి జరగాలి, లేదా ఏదీ జరగకూడదు అనే ఏర్పాటు) దాకా వెళుతుందా, నా సూచన విన్నాక దారి మార్చుకోగలరా అన్నవే నేను గమనిస్తాను. సెమీకోలన్ మరచిపోవడం తప్పే కాదు. దాన్ని కోడ్‌ను యంత్రభాషలోకి మార్చే కంపైలరే చెబుతుంది.

అందరికీ ఒకే ప్రశ్న, ఒకే కొలమానం ఉండాలని పట్టుబడతాను. ఎంపిక పద్ధతులపై 2022లో మనస్తత్వ శాస్త్రవేత్త పాల్ శాకెట్, ఆయన సహచరులు ప్రచురించిన విశ్లేషణలో, ఉద్యోగంలో పనితీరును ముందుగా అంచనా వేయడానికి ఇటువంటి క్రమబద్ధమైన ఇంటర్వ్యూయే అన్నిటికన్నా మెరుగుగా నిలిచింది. ప్యానెల్‌లో ఎవరి మార్కులు వారు రాసుకున్నాకే మాట్లాడుకుంటాం, ఎందుకంటే పెద్దవారు ముందు నోరు విప్పితే చిన్నవారి అభిప్రాయం అటే ఒరిగిపోతుంది. ఇంగ్లీషులో మాట తడుముకునే జిల్లా కాలేజీ పిల్లలను మాత్రం, తెలుగులోనే వివరించమని మొదటి నిమిషంలోనే చెబుతాను.