బరంపురం నుంచి కోట్టార్ దాకా: పునీత దేవసహాయం యాత్ర

గంజాం, గజపతి జిల్లాల్లోని తెలుగు కతోలిక కుటుంబాలకు యాత్ర అనగానే గుణదల గుర్తొస్తుంది, లేదంటే విశాఖ రాస్ హిల్. మేం కొత్తగా పట్టిన దారి ఇంకా దూరం: కన్యాకుమారి జిల్లా, నాగర్‌కోయిల్ ఊళ్లోనే ఉన్న కోట్టార్. అక్కడ సమాధిలో ఉన్నది బిషప్పూ కాదు, మఠవాసీ కాదు. భార్య, పొలం, పశువులు, రాజుగారి కొలువు, అన్నీ ఉన్న సంసారి. విశ్వాసం కోసం ప్రాణమిచ్చి, 2022 మే 15న పునీత (సెయింట్) పట్టం పొందిన దేవసహాయం. ఇంటి పెద్ద పోయిన ఏడాదిలోపు ఆయన పేరున పూజ (చర్చిలో బలిపూజ) ఎక్కడ చెప్పిద్దామని అడిగేవాళ్లకు మేం ఇప్పుడు ఈ చోటే చెబుతున్నాం.

పండుగ జనవరి 14. అంటే మన సంక్రాంతి, వాళ్ల పొంగల్ రోజులే. మొదటి చిక్కు ఇక్కడే. ఆ వారం బరంపురం, విజయవాడ మధ్య ఏ బండిలోనూ బెర్త్ దొరకదు. రిజర్వేషన్ 60 రోజుల ముందు తెరుస్తారు కాబట్టి నవంబరు రెండో వారంలోనే పని అయిపోవాలి. దిబ్రూగఢ్, కన్యాకుమారి మధ్య తిరిగే వివేక్ ఎక్స్‌ప్రెస్ బరంపురంలో ఆగుతుంది, బండి మారకుండా నాగర్‌కోయిల్‌లో దింపుతుంది. ఒకటిన్నర రోజు ప్రయాణం. అయితే అది అస్సాం నుంచి వస్తుంది. మన దగ్గరికి వచ్చేసరికే ఆలస్యం పోగై ఉంటుంది, పెట్టెలు కేరళకు పనికి వెళ్లేవాళ్లతో నిండి ఉంటాయి. పర్లాకిమిడి, గుణుపురం వైపు వాళ్లు విజయనగరంలోనో విశాఖలోనో ఎక్కితే నయం. రెండో దారి కోరమండల్ ఎక్స్‌ప్రెస్‌లో చెన్నై సెంట్రల్‌కు వెళ్లి, ఎగ్మూరు స్టేషన్‌కు మారి, రాత్రి బండి పట్టుకోవడం. రెండు బళ్ల మధ్య కనీసం నాలుగు గంటలు ఉంచాలి. ముసలివాళ్లుంటే వివేకే మేలు, ఆలస్యమైనా సామాను ఒక్కసారే దించుకోవచ్చు.

పులిహోర మొదటి రాత్రి వరకే. రెండో రోజుకు అటుకులు, జంతికలు, అరటిపళ్లు ఉంచుకోవాలి.

చాలామంది నేరుగా కోట్టార్ వెళ్లి, సమాధి దగ్గర కొవ్వొత్తి వెలిగించి, అక్కణ్నుంచి కన్యాకుమారి సముద్రం చూసి వచ్చేస్తారు. అలా వెళ్తే ఆయన చావు తెలుస్తుంది గాని బతుకు తెలియదు. ఆయన నడిచిన వరసలోనే ఊళ్లు తిరగాలని మా పట్టు. నాగర్‌కోయిల్‌లో వ్యాన్ మాట్లాడుకుంటే రెండు రోజుల్లో అయిపోతుంది: మొదటి రోజు పడమర, రెండో రోజు తూర్పు.

పడమర దారిలో మార్తాండం దగ్గర నట్టాలం. 1712 ఏప్రిల్ 23న నీలకంఠ పిళ్లైగా పుట్టిన ఊరు. పునీత పట్టం వేళ కులాన్ని చెప్పే ‘పిళ్లై’ని పేరులోంచి తీసేశారు, మనవాళ్లు ప్రార్థన కార్డుల మీద ఇంకా అచ్చేయిస్తూనే ఉన్నారు, మానేయడం మంచిది. నట్టాలం నుంచి వెనక్కి తక్కలై వస్తే పద్మనాభపురం, ఉదయగిరి కోట పక్కపక్కనే. మార్తాండవర్మ కొలువులో ఆయన ఉద్యోగం చేసింది ఇక్కడే. పద్మనాభపురం రాజభవనానికి సోమవారం సెలవు, ఆ లెక్క చూసుకుని పడమర రోజు పెట్టుకోవాలి. ఉదయగిరి కోటలో డి లనోయ్ సమాధి ఉంది. 1741 కొలచెల్ యుద్ధంలో పట్టుబడి, తర్వాత తిరువాన్కూరు సైన్యానికే అధిపతి అయిన డచ్చి కంపెనీ మనిషి. పశువులు చచ్చి, పంట పోయి దిగులుపడిన నీలకంఠానికి, బైబిల్లో అన్నీ పోగొట్టుకున్నా దేవుణ్ని వదలని యోబు కథ చెప్పింది ఈయనే. ఈ యాత్రలో యోబు గ్రంథం మొదటి రెండు అధ్యాయాలు చదవాల్సిన చోటు ఇది. చదివేది చర్చిలో కాదు, కోటలో చెట్టు కింద.

అక్కడికి దగ్గర్లోనే పులియూర్‌కురిచ్చి. తర్వాత దేవసహాయాన్ని పట్టుకుని సంకెళ్లతో నడిపిస్తుండగా దాహమై మోచేత్తో రాతిని కొడితే నీరు ఊరిందని చెప్పే బండ ఇక్కడుంది. గుంట చిన్నది. వాడేసిన నీళ్ల సీసాలు అందులో ముంచొద్దు; చిన్న గిన్నెతో తీసి సీసాలో పోసుకోవాలి.

రెండో రోజు పొద్దున్నే వడక్కన్‌కుళం. తిరుకుటుంబ దేవాలయం. ఇది తిరునెల్వేలి సీమ, అప్పటి తిరువాన్కూరు రాజ్యానికి బయట. కొలువులో ఉన్నవాడు సొంత రాజ్యంలో జ్ఞానస్నానం (బాప్తిస్మం) పొందితే ముప్పని డి లనోయ్ ఉత్తరమిచ్చి ఇక్కడి గురువు (ఫాదర్) బుట్టారి దగ్గరికి పంపాడు. 1745 మే 14న దేవసహాయం అయ్యాడు. తర్వాత భార్య భార్గవి అమ్మాళ్ కూడా ఇక్కడే జ్ఞానస్నానం పొంది జ్ఞానపూ అయింది. భర్త పోయాక ఆమె ఈ ఊళ్లోనే ఉండిపోయింది, ఆమెను పాతిపెట్టిందీ ఇక్కడే. కోట్టార్‌కు వచ్చే బస్సుల్లో సగం ఈ ఊరికి రావు. భర్త పోయిన ఆడవాళ్లను తీసుకొచ్చే గుంపులైనా దీన్ని వదలకూడదు. ఇదే గుడిలో ఒకప్పుడు కులాలను విడదీసే గోడ ఉండేది, 1910లో పడగొట్టారు. కులం చూడకుండా అందరితో కలిసి తిన్నందుకు నిందపడిన మనిషి జ్ఞానస్నానం పొందిన ఊళ్లో ఆ గోడ అన్నాళ్లు నిలిచిందంటే, మన విచారణల్లో (పారిష్‌లలో) సత్ప్రసాదం (కమ్యూనియన్) వరసలు కూడా ఓసారి చూసుకోవాలి.

తిరుగు దారిలో ఆరల్వాయ్‌మొళి, దేవసహాయం మౌంట్. 1749లో రాజు మనుషులు ఆయనను పట్టుకుని, జిల్లేడుపూల దండ వేసి, గేదె మీద వెనక్కి తిప్పి కూర్చోబెట్టి ఊళ్లు తిప్పారు, గాయాలకు కారం రాశారు. 1752 జనవరి 14న ఈ కొండ మీద తుపాకులతో కాల్చి చంపారు. ఆయన మోకరిల్లిన గుర్తులని చెప్పే బండ దగ్గర అందరూ మోకాళ్లు ఆన్చి చూస్తారు. మైనం కారి నున్నగా ఉంటే కాలు జారుతుంది. ఇది గాలి కనుమ, చుట్టూ గాలిమరలే. జూన్ నుంచి సెప్టెంబరు దాకా గాజు చిమ్నీ లేకుండా కొవ్వొత్తి నిలవదు. జనవరిలో కొంత నయం. కొండెక్కడం కష్టం కాదు గాని ఎండకు బండలు కాలతాయి, పదింటికల్లా దిగిపోవాలి. అందుకని తెల్లవారకముందే వడక్కన్‌కుళం బయల్దేరాలి.

కోట్టార్‌లో పునీత ఫ్రాన్సిస్ శౌరివారి (జేవియర్) ప్రధాన దేవాలయం, పీఠం ముందు దేవసహాయం సమాధి. పూజలు తమిళంలోనే. ఇక్కడ మనవాళ్లకు జరిగే పొరపాటు కాగితాల్లో: పోయినవాళ్ల పేర్లు, బతికున్నవాళ్ల పేర్లు తెలుగులో ఒకే కాగితం మీద రాసి ఇస్తారు. అక్కడి గురువులకు తెలుగూ రాదు, ఒడియా రాదు. బతికున్న మావయ్యగారి ఆత్మశాంతికి పూజ జరిగిపోతుంది. రెండు కాగితాలు, ఇంగ్లీషు పెద్దక్షరాల్లో, ఒక్కో కుటుంబానికి మూడు నాలుగు పేర్లకు మించకుండా, ముందురోజు సాయంత్రమే ఆఫీసులో ఇవ్వాలి. మన విచారణ గురువుగారి ఉత్తరం కూడా ఇంగ్లీషులోనే తీసుకెళ్లాలి. దాంతో బస అడగడం తేలిక, తెలుగు పూజ మనమే పెట్టించుకోవాలన్నా అదే అడుగుతారు. మన గురువుగారు వెంట ఉంటే తెలుగు పూజాగ్రంథం ఆయన సంచిలో ఉందో లేదో బండి ఎక్కకముందే చూసుకోవాలి, అక్కడ దొరకదు. జనవరి 14న జనం వల్ల సమాధి దగ్గర నిలబడనివ్వరు; కుటుంబంతో కూర్చుని జపమాల చెప్పుకోవాలంటే 16 తర్వాతో, పండుగ వదిలేసి ఫిబ్రవరిలోనో వెళ్లాలి. ఫిబ్రవరిలో అయితే టికెట్ కూడా అంత కష్టం కాదు.