రెండు సముద్రాల మధ్య పదిహేను రోజులు

సెయింట్ బీస్ తీరంలో బూట్లు ఐరిష్ సముద్రపు నీళ్లలో తడిపి, ఒక గులకరాయి ఏరి జేబులో వేసుకున్నాను. ఇక్కడ నడక మొదలుపెట్టేవాళ్లు చాలామంది చేసే పనే ఇది. ఆ రాయిని ఇంగ్లండ్‌కు ఆ పక్క అంచున, రాబిన్ హుడ్స్ బే దగ్గర నార్త్ సీలో వదలాలి. మధ్యలో 192 మైళ్లు, అంటే దాదాపు 309 కిలోమీటర్లు. 1973లో ఆల్‌ఫ్రెడ్ వెయిన్‌రైట్ అనే ఆయన రూపొందించిన ఈ దారిని కోస్ట్ టు కోస్ట్ అంటారు. లేక్ డిస్ట్రిక్ట్, యార్క్‌షైర్ డేల్స్, నార్త్ యార్క్ మూర్స్ అనే మూడు నేషనల్ పార్కుల మీదుగా దేశాన్ని అడ్డంగా దాటుతుంది.

మాది ఉద్దానం. సోంపేట దగ్గర పల్లె. కొబ్బరి, జీడి తోటల మధ్య పెరిగాను. మా వైపు కిడ్నీ జబ్బు సోకని వీధి ఉందా అంటే వెతుక్కోవాలి. అది ఎందుకొస్తోందో డాక్టర్లు ఇప్పటికీ కచ్చితంగా తేల్చలేదు. నాన్న ఆ జబ్బుతోనే పోయారు. డయాలసిస్ మొదలయ్యాక ఆయన స్టీలు గ్లాసుకి బయట మేకుతో గీత గీసుకున్నారు. ఒంట్లో నీరు చేరకుండా రోజుకు గీత దాకా మూడు గ్లాసులు, అంతే. ఎండాకాలంలో తడిగుడ్డ పెదాలకి అద్దుకుంటూ కూర్చునేవారు. ఇప్పుడు నేను ఉత్తర ఇంగ్లండ్‌లోని ఒక ఆసుపత్రిలో డయాలసిస్ నర్సుని. వారానికి మూడుసార్లు, నాలుగేసి గంటలు మెషీన్ పక్కన పడుకునే మనుషులతోనే నా రోజంతా గడుస్తుంది.

నడిచి విరాళాలు పోగుచేద్దామనుకున్నప్పుడు డబ్బు నేరుగా మా ఊరికే పంపాలని ఆశపడ్డాను. కనుక్కుంటే అది అంత తేలిక కాదు. విదేశీ విరాళం తీసుకోవాలంటే అక్కడి సంస్థకి ఎఫ్‌సీఆర్‌ఏ, అంటే విదేశీ విరాళాల నియంత్రణ చట్టం కింద అనుమతి ఉండాలి. డబ్బు ముందు ఢిల్లీలోని స్టేట్ బ్యాంక్ మెయిన్ బ్రాంచిలో తెరిచిన ఖాతాకే చేరాలి. అందుకని కిడ్నీ పరిశోధనకు నిధులిచ్చే ఒక బ్రిటిష్ సంస్థను ఎంచుకుని, విరాళాల పేజీలో ఉద్దానం గురించి నాలుగు పేరాలు రాశాను. ఇక్కడ ఒక మంచి ఏర్పాటుంది. ఇచ్చేవాళ్లు పన్ను కడుతున్నవాళ్లయితే, గిఫ్ట్ ఎయిడ్ అని టిక్ పెడితే చాలు, ప్రతి పౌండుకీ ప్రభుత్వం 25 పెన్నీలు కలుపుతుంది. పేషెంట్లను మాత్రం విరాళం అడగకూడదు. అందుకే వార్డులో వాళ్లెవరికీ ఈ నడక మాట ఎత్తలేదు.

టెంట్, స్లీపింగ్ బ్యాగ్, చాప, చిన్న గ్యాస్ స్టవ్, తిండి అన్నీ కలిపి తూస్తే 14 కిలోలు తేలింది. అది ఎక్కువని రెండో రోజు హోనిస్టర్ అనే కొండ ఎక్కేటప్పుడు భుజాలు చెప్పాయి. దారిలో పోస్టాఫీసు కనబడగానే రెండో స్వెటరు, జీన్స్, పెద్ద ఛార్జర్, లావుపాటి తువ్వాలు పార్శిల్ కట్టి ఇంటికి పంపేశాను. ఎవరైనా బయల్దేరే ముందు అడిగితే నేను చెప్పేది ఒక్కటే. సామాను సర్దాక ఆ బరువుతో వరసగా రెండు రోజులు నడిచి చూడండి. ఒక్కరోజు నడిస్తే తెలియదు.

తిండి మాత్రం తగ్గించలేదు. ఇంట్లోనే రవ్వ దోరగా వేయించి, ఆవాలు, మినప్పప్పు, ఎండుమిర్చి, కరివేపాకు, ఇంగువ, అమ్మ పంపిన పలాస జీడిపప్పు తాలింపు కలిపి, పూటకో పొట్లం కట్టుకున్నాను. వేడికి తట్టుకునే జిప్ కవరులో మరిగే నీళ్లు పోసి, ఉన్ని టోపీలో చుట్టి పది నిమిషాలు ఉంచితే ఉప్మా తయారు. గ్యాస్ కూడా కలిసొస్తుంది. వానలో, చలిలో ఆ కవరు విప్పగానే వచ్చే ఇంగువ వాసన కోసమే రోజంతా నడిచానా అనిపించేది.

ఇంగ్లండ్‌లో ఎక్కడ పడితే అక్కడ టెంట్ వేయడం కుదరదు. నైరుతి మూలనున్న డార్ట్‌మూర్‌లో కొన్ని చోట్ల తప్ప, మిగతాచోట్ల భూమి యజమాని అనుమతి కావాలి. లేక్ డిస్ట్రిక్ట్‌లో పొలాల గోడలకు పైన, కొండ మీద, పొద్దుపోయాక వేసి పొద్దున్నే తీసేసి, ఆనవాలు లేకుండా వెళ్తే మామూలుగా ఏమీ అనరు. నేను ఎక్కువ రాత్రులు క్యాంప్‌సైట్లలో, రైతుల పొలాల్లో డబ్బు కట్టి పడుకున్నాను. కొండ మీద రెండే రాత్రులు.

మొదటిది గ్రైస్‌డేల్ టార్న్ దగ్గర. టార్న్ అంటే కొండల నడుమ చిన్న చెరువు. జూన్ నెల కాబట్టి తొమ్మిదిన్నర దాటినా వెలుతురు పోలేదు. చుట్టూ గొర్రెలు ఉంటాయి గనుక నీళ్లు వడకట్టకుండా తాగకూడదు. సంచిలో నీళ్లు పట్టి, మూతికి ఫిల్టర్ బిగించి, రెండు చేతులతో పిండుతుంటే సన్నటి ధార సీసాలోకి పడుతోంది. లీటరు నిండడానికి కొంచెంసేపు పట్టింది. నిండగానే ఎత్తిన సీసా దించకుండా తాగేశాను. సగంలో నాన్న గ్లాసు గుర్తొచ్చింది. ఆయనకి రోజంతటికీ సరిపెట్టుకోవాల్సిన నీళ్లు నేను ఒక్క గుక్కలో తాగాను. సీసా పక్కన పెట్టి చాలాసేపు అలాగే కూర్చున్నాను. ఫోన్‌కి సిగ్నల్ లేదు. మర్నాడు ప్యాటర్‌డేల్‌లో దిగాక అమ్మకి ఫోన్ చేస్తే, "ఏటమ్మా, మంచం లేదా నీకు? ఆ గుడ్డ కింద ఒక్కర్తివే పడుకోడమేటి?" అని కోప్పడింది.

ఆ తర్వాత కిడ్‌స్టీ పైక్, 780 మీటర్లు, మొత్తం దారిలో ఎత్తయిన చోటు. అటువైపు దిగితే హాజ్‌వాటర్ జలాశయం. మాంచెస్టర్ నగరానికి నీళ్ల కోసం 1930లలో కట్టారు. మార్‌డేల్ అనే ఊరు దాని కింద మునిగిపోయింది. గట్టి కరువొచ్చి నీళ్లు తగ్గినప్పుడు ఆ ఊరి గోడలు బయటపడతాయట. మా ఉద్దానానికి ఇప్పుడు పైపుల్లో వచ్చే వంశధార నీళ్లు హిరమండలం జలాశయం నుంచే. అక్కడా ఊళ్లు ఖాళీ చేయించారు. ఆ గట్టు వెంట నాలుగు మైళ్లు నడుస్తున్నంతసేపూ మా నీళ్ల కోసం ఇల్లు వదిలిన వాళ్ల గురించే ఆలోచించాను. మా ఊళ్లో కుళాయి తిప్పేటప్పుడు వాళ్లని తలుచుకునేవాళ్లు ఎంతమంది ఉన్నారో.

కాళ్ల సంగతి. మూడో రోజే ఎడమ మడమ మీద బొబ్బ లేచింది. దాన్ని చిదపలేదు. పై చర్మం ఉన్నంతవరకు అదే కట్టు. శుభ్రంగా తుడిచి, జింక్ ఆక్సైడ్ టేప్ ముడత లేకుండా అంటించి, మధ్యాహ్నం ఆగినప్పుడల్లా సాక్సులు మార్చేదాన్ని. తడి జత బ్యాగు వెనక పిన్నులతో వేలాడుతూ ఆరేది. వాన లేని రోజుల్లో. వాన మాత్రం మొదటి వారమంతా వదల్లేదు.

కిర్క్‌బీ స్టీఫెన్‌లో క్యాంప్ చేసిన రాత్రి నిజంగా మానేద్దామనుకున్నాను. మడమ వాచింది, స్లీపింగ్ బ్యాగ్ అంచు తడిసింది. ఆ ఊరికి రైల్వే స్టేషన్ ఉంది, లీడ్స్ వెళ్లే రైళ్లు ఆగుతాయి. ఫోన్‌లో టైమ్ టేబుల్ తెరిచి కూర్చున్నాను. పేజీలో డబ్బిచ్చినవాళ్ల పేర్లు చూస్తే టెన్షన్ ఇంకా పెరిగింది. చివరికి సాక్సులు ఆరబెట్టే గదిలో వేసి తొమ్మిది గంటలు నిద్రపోయాను. పొద్దున లేచేసరికి సాక్సులు ఆరాయి, వాపు తగ్గింది. టైమ్ టేబుల్ మళ్లీ తెరవలేదు.

ఆ ఊరి పైనే నైన్ స్టాండర్డ్స్. కొండ నెత్తిన తొమ్మిది రాతి స్తంభాలు. పడమట పడిన వాన ఈడెన్ నదిలో కలిసి ఐరిష్ సముద్రానికి, తూర్పున పడింది స్వేల్ నది మీదుగా నార్త్ సీకి పోతుంది. నేను నడిచేనాటికి అక్కడి నల్లటి బురదనేల పాడవకుండా ఏడాదిని మూడు భాగాలు చేసి మూడు దారులు పెట్టారు. మే నుంచి జులై దాకా ఎర్ర దారి. ఆ దారిలోనూ ఒకచోట కాలు మోకాలి దాకా దిగబడింది. కర్ర అడ్డం వేసి, వెనక్కి వాలి, మెల్లగా లాక్కున్నాను. గుంజితే బూటు లోపలే ఉండిపోయేది. ఇక్కడి నుంచి నీళ్లు కూడా నేను వెళ్లే వైపుకే పోతాయన్న మాట ఆ మధ్యాహ్నం నాకు ఎంత బలమిచ్చిందో చెప్పలేను.

కెల్డ్, రీత్, రిచ్‌మండ్ హాయిగా గడిచాయి. తర్వాత చదునైన పొలాలు. అక్కడ రైతులు గేటు పక్కన డబ్బాలో కూల్ డ్రింకులు, బిస్కెట్లు పెట్టి వెళ్తారు. డబ్బు మనమే వేసి తీసుకోవాలి. ఇంగిల్‌బీ దగ్గర ఏ19 హైవే దాటడం మాత్రం భయం వేసింది. రెండు వైపులా దూసుకొచ్చే లారీల మధ్య సందు చూసుకుని దాటాల్సి వచ్చింది. ఆ పైన మూర్స్, బ్లేకీ రిడ్జ్ మీద గాలికి రాత్రంతా టెంట్ గుడ్డ కొట్టుకుంటూనే ఉంది.

పదిహేనో రోజు సాయంత్రం రాబిన్ హుడ్స్ బే ఇరుకు వీధిలో దిగి, అలలోకి వెళ్లి, రాయి వదిలాను.

సోమవారం డ్యూటీకి వెళ్తే కిటికీ పక్క మంచం పెద్దాయనకి ఎవరో చెప్పేసినట్టున్నారు. ఏడేళ్లుగా డయాలసిస్ మీద ఉన్న మనిషి. ఎన్ని మైళ్లు, ఎంత డబ్బు వచ్చింది అని అడగలేదు. కొండ మీద వాగు నీళ్లు తాగావా అని అడిగాడు. తాగానన్నాను. ఎలా ఉన్నాయన్నాడు. పళ్లు జివ్వుమనేంత చల్లగా ఉన్నాయని, కాస్త రాయి వాసన వేశాయని, ఒక్కసారే లీటరు తాగానని చెప్పాను. ఆయన కళ్లు మూసుకుని, "ఇంకోసారి చెప్పు" అన్నాడు. మెషీన్‌లో నాలుగు గంటలు సెట్ చేసి, స్టూలు దగ్గరికి లాక్కుని, గ్రైస్‌డేల్ దగ్గర సంచిలో నీళ్లు పట్టిన దగ్గర్నుంచి మళ్లీ మొదలుపెట్టాను.