ధూమపాన రహిత ప్రాంతం అంటే...

మొన్న బస్టాండులో కూర్చుంటే ఎదురుగా గోడ మీద "ధూమపాన రహిత ప్రాంతం" అని బోర్డు, సరిగ్గా దాని కిందే ఒకాయన బీడీ ముట్టించాడు. సరే ఆయన్ని వదిలేయండి, నా బుర్ర ఆ మాట మీద పడింది.

ధూమం అంటే పొగ, పానం అంటే తాగడం, రహితం అంటే లేనిది. అంతా సంస్కృతమే. తమాషా ఏంటంటే ఈ ధూమపానం పొగాకు మన దేశానికి రాకముందు నుంచే ఉన్న మాట, చరక సంహితలో ధూమపానం అంటే వైద్యం, మూలికలతో వత్తి చేసి దాని పొగ పీల్చమంటారు కఫం లాంటి వాటికి! పోర్చుగీసు వాళ్ళతో పొగాకు వచ్చాక మందు పేరు కాస్తా దీనికి అంటుకుంది. మనవాళ్ళు మాత్రం పొగ ఇచ్చే ఆకు కాబట్టి పొగాకు అనేశారు, ఎంత హాయిగా ఉందో.

ఈ బోర్డులు ఇంతగా కనబడటానికి కారణం 2008 అక్టోబర్ 2న అమల్లోకొచ్చిన రూల్స్. బోర్డు కనీసం 60 సెంటీమీటర్ల పొడవు 30 వెడల్పు ఉండాలి, కాలిస్తే 200 దాకా ఫైన్.

శ్రీకాకుళం వైపు ముసలమ్మలు అడ్డపొగ పీలుస్తారు కదా, చుట్ట కాలే కొస నోట్లోనే పెట్టుకుని. వాళ్ళకి ఈ బోర్డు చూపిస్తే "ధూమపానమా, అదేటమ్మా?" అంటారేమో. "పొగ తాగొద్దు" అని రాస్తే సరిపోయేది కదండీ.