గోల్ కొట్టని యార్క్

ట్రినిడాడ్ అండ్ టొబాగో స్ట్రైకర్ డ్వైట్ యార్క్ పేరు ఎత్తితే చాలు, ఫుట్‌బాల్ చూసేవాళ్లు నేరుగా 1999కి వెళ్లిపోతారు. ఎప్పుడూ నవ్వుతూ ఉండే మొహం, పక్కన జోడీ స్ట్రైకర్ ఆండీ కోల్, మాంచెస్టర్ యునైటెడ్‌కి ఒకే సీజన్‌లో మూడు కప్పులు. తప్పేం లేదు, ఆ సీజన్ అలాంటిదే. కానీ నన్నడిగితే అతను ఆడినవాటిలో గొప్ప మ్యాచ్ 2006 ప్రపంచ కప్‌లో, జూన్ 10న జర్మనీలోని డార్ట్‌మండ్‌లో స్వీడన్ మీద ఆడింది. స్కోరు 0-0. ప్రీమియర్ లీగ్‌లో 123 గోల్స్ కొట్టిన మనిషి ఆ రోజు గోల్ కొట్టలేదు, అసలు గోల్ కొట్టే చోట నిలబడనే లేదు.

అక్కడికి వెళ్లాలంటే ముందు టొబాగో నుంచి మొదలుపెట్టాలి. వెస్టిండీస్ అనగానే మనకు క్రికెట్ గుర్తొస్తుంది, అందులో దీవులన్నీ కలిసి ఒక జట్టు. ఫుట్‌బాల్‌లో ఆ సౌకర్యం లేదు, ఏ దేశం జెండా ఆ దేశానిదే. ట్రినిడాడ్ అండ్ టొబాగో మొత్తం జనాభా పదమూడు, పద్నాలుగు లక్షలు, అందులో టొబాగో వాటా చాలా చిన్నది. యార్క్ పుట్టింది అక్కడి కేనన్ అనే ఊళ్లో, 1971లో. అన్న క్లింట్ యార్క్ ట్రినిడాడ్ తరఫున ఫస్ట్ క్లాస్ క్రికెట్ ఆడాడు. బ్రయాన్ లారాతో డ్వైట్ దోస్తీ సంగతి తెలిసిందే. అలాంటి ఇంట్లో, అలాంటి స్నేహాల మధ్య ఉండి ఫుట్‌బాల్ వైపు వెళ్లాడు.

1989లో ఆస్టన్ విల్లా జట్టు కరేబియన్ టూర్‌కి వచ్చింది. వాళ్లతో ఫ్రెండ్లీ మ్యాచ్‌లో ఈ కుర్రాడిని చూసి కోచ్ గ్రాహం టేలర్ ట్రయల్స్‌కి ఇంగ్లండ్ రమ్మన్నాడు. ఆ రోజుల్లో దీవుల పిల్లలకు బయట దారి దొరకడం ఎక్కువగా ఇలాగే జరిగేది. పెద్ద క్లబ్బుల మనుషులు అక్కడికి పనిగట్టుకుని వచ్చేవాళ్లు కాదు, అనుకోకుండా ఎవరైనా వస్తే ఆ రోజు నువ్వు బాగా ఆడి ఉండాలి, అంతే.

అదే ఏడాది నవంబర్ 19న పోర్ట్ ఆఫ్ స్పెయిన్‌లో అమెరికాతో మ్యాచ్. డ్రా చేసుకుంటే చాలు, ట్రినిడాడ్ మొదటిసారి ప్రపంచ కప్‌కి వెళ్తుంది. స్టేడియం నిండా ఎర్ర చొక్కాలు. యార్క్‌కి పద్దెనిమిదేళ్లు నిండి పట్టుమని మూడు వారాలు కాలేదు. అమెరికా ఆటగాడు పాల్ కాలిజూరి దూరం నుంచి కొట్టిన ఒక్క షాట్‌తో 0-1, అంతా అయిపోయింది. అంత దెబ్బ తగిలినా ప్రేక్షకులు పద్ధతిగా ఉన్నారని ఫిఫా ఆ ఏడాది ఫెయిర్ ప్లే అవార్డు వాళ్లకే ఇచ్చింది. మంచి విషయమే, కానీ ప్రపంచ కప్ చేజారినవాడికి అవార్డుతో ఏం ఓదార్పు?

విల్లాలో మొదట్లో అతన్ని ఎక్కువగా వింగ్‌లో ఆడించారు. 1995-96లో స్ట్రైకర్‌గా స్థిరపడగానే లీగ్‌లో 17 గోల్స్ కొట్టాడు, లీగ్ కప్ ఫైనల్లో లీడ్స్ మీద కూడా ఒకటి. 1998 ఆగస్టులో యునైటెడ్ 1.26 కోట్ల పౌండ్లు ఇచ్చి కొనుక్కుంది. అతను వెళ్లిపోతానని పట్టుబట్టినప్పుడు నా చేతిలో తుపాకీ ఉంటే కాల్చేసేవాణ్ణని విల్లా కోచ్ జాన్ గ్రెగరీ అన్న మాట అప్పట్లో పేపర్లకెక్కింది.

ఆ తర్వాతి తొమ్మిది నెలలు తెలిసిన కథే కాబట్టి గబగబా చెప్పేస్తా. లీగ్‌లో 18 గోల్స్, ఓవెన్, హాసెల్‌బైంక్‌లతో సమానంగా టాప్ స్కోరర్. యూరప్ క్లబ్బులు తలపడే ఛాంపియన్స్ లీగ్‌లో, బార్సిలోనాతో కాంప్ నౌలో 3-3 అయిన మ్యాచ్‌లో రెండు, ఇంటర్ మీద ఓల్డ్ ట్రాఫర్డ్‌లో బెకమ్ క్రాస్‌లకి రెండు హెడర్లు. టూరిన్‌లో యువెంటస్ పదకొండు నిమిషాల్లోనే 2-0తో ముందుకెళ్లిపోతే, కీన్ ఒకటి తగ్గించాక సమం చేసింది యార్కే. 2001 ఫిబ్రవరిలో ఆర్సెనల్‌ని 6-1తో చిత్తు చేసిన రోజు మొదటి అర్ధభాగంలోనే హ్యాట్రిక్ కూడా అతనిదే. అదే ఏడాది కొత్త స్ట్రైకర్ వాన్ నిస్టెల్‌రూయ్ వచ్చాడు, యార్క్ బెంచీకి పరిమితమయ్యాడు, 2002లో బ్లాక్‌బర్న్‌కి, 2004లో బర్మింగ్‌హామ్‌కి మారాడు.

ఇంగ్లండ్‌లో ఆడే కరేబియన్ ఆటగాడు నిజానికి రెండు ఉద్యోగాలు చేస్తాడు. అప్పట్లో యూరోపియన్ యూనియన్ బయటివాడికి అక్కడ వర్క్ పర్మిట్ కావాల్సి వచ్చేది. చాలా ఏళ్ల పాటు ఉన్న నిబంధన ప్రకారం గత రెండేళ్లలో తన దేశం ఆడిన పోటీ మ్యాచ్‌లలో 75 శాతం ఆడి ఉండాల్సి వచ్చేది, ఆ దేశం ఫిఫా ర్యాంకు 70 లోపు ఉండాల్సి వచ్చేది. అంటే నువ్వు ఎంత బాగా ఆడినా, నీ దేశం జట్టు బాగా ఆడకపోతే నీ పర్మిట్‌కే టెన్షన్. దేశం కోసం ఆడదామంటే అట్లాంటిక్ దాటి వెళ్లి, ఆడి, మళ్లీ అట్లాంటిక్ దాటి వచ్చి శనివారం క్లబ్‌కి దిగాలి. నిద్ర సరిపోక కాళ్లు లాగితే క్లబ్ కోచ్ గొణుగుతాడు, వెళ్లకపోతే సొంత ఊళ్లో తిట్లు. బ్రెజిల్ వాడికీ ఇదే ప్రయాణం ఉంటుంది కదా అంటారేమో, నిజమే, కానీ బ్రెజిల్ ర్యాంకు గురించి ఎవడూ బెంగపెట్టుకోడు.

యార్క్‌కి కూడా దేశం జట్టుతో సంబంధం సాఫీగా సాగలేదు. 2001లో గొడవై అతనూ, చిన్ననాటి జోడీ రస్సెల్ లాటపీ ఇద్దరూ జట్టుకు దూరమయ్యారు. లాటపీ కూడా తక్కువవాడేం కాదు, పోర్టోతో పోర్చుగల్ లీగ్ గెలిచాడు, తర్వాత స్కాట్లండ్‌లో ఆడాడు. ఇద్దరూ మళ్లీ తిరిగొచ్చారు, 1989 బాకీ ఇంకా మిగిలే ఉంది మరి.

2005లో యార్క్ కొత్తగా మొదలైన ఆస్ట్రేలియా ఎ-లీగ్‌లో సిడ్నీ ఎఫ్‌సీకి వెళ్లాడు. వయసైపోయి డబ్బు కోసం వెళ్లాడని చాలామంది అనుకున్నారు. మొదటి సీజన్ టైటిల్ సిడ్నీదే, ఫైనల్లో ఏకైక గోల్‌కి బంతి అందించింది యార్కే. సీజన్ మధ్యలో నవంబర్‌లో ట్రినిడాడ్‌కి ప్రపంచ కప్ అర్హత కోసం బహ్రెయిన్‌తో ప్లేఆఫ్, సొంతగడ్డ మీద 1-1. 16వ తేదీన బహ్రెయిన్ రాజధాని మనామాలో యార్క్ కార్నర్ కొట్టాడు, డెనిస్ లారెన్స్ తలతో గోల్లోకి పంపాడు, 1-0. సరదా ఏంటంటే సరిగ్గా అదే రోజు సిడ్నీలో ఆస్ట్రేలియా ఉరుగ్వేని పెనాల్టీల్లో ఓడించి తానూ ప్రపంచ కప్‌కి అర్హత సాధించింది, ఊరంతా సంబరాల్లో ఉంటే ఆ ఊరి క్లబ్బు స్టార్ ఎడారి దేశంలో తన సంబరం తాను చేసుకుంటున్నాడు.

అప్పటిదాకా ప్రపంచ కప్‌కి వచ్చిన దేశాల్లో అతి చిన్నది ట్రినిడాడే. స్వీడన్‌తో మొదటి మ్యాచ్‌లో కోచ్ లియో బేన్‌హాకర్ 34 ఏళ్ల కెప్టెన్ యార్క్‌ని డిఫెన్స్ ముందు నిలబెట్టాడు. ఎదురుగా ఇబ్రహిమోవిచ్, లార్సన్, ల్యుంగ్‌బర్గ్. గోల్‌కీపర్ కెల్విన్ జాక్ వార్మప్‌లో గాయపడితే శాకా హిస్లాప్ ఉన్నపళంగా దిగాల్సి వచ్చింది. రెండో అర్ధభాగం మొదలవుతూనే ఏవరీ జాన్‌కి రెడ్ కార్డు, మిగిలింది పది మంది. ఇక చూడాలి యార్క్‌ని. పరుగు తగ్గిన మనిషే, కానీ బంతి ఎక్కడికి వస్తుందో ముందే తెలిసినట్టు అక్కడుంటాడు, కాలి కింద పెట్టుకుని ఒక్క క్షణం ఆగుతాడు, కంగారుగా ఉన్నవాళ్లు ఊపిరి పీల్చుకున్నాక పాస్ ఇస్తాడు. స్ట్రైకర్‌గా బతికినవాడు కాబట్టి ఎదుటి స్ట్రైకర్‌కి ఏ ఖాళీ కావాలో తెలుసు, వెళ్లి అందులోనే నిలబడేవాడు. హిస్లాప్ సేవ్‌లు అందరికీ గుర్తున్నాయి, మ్యాన్ ఆఫ్ ద మ్యాచ్ మాత్రం యార్క్‌కి ఇచ్చారు. కోర్నెల్ గ్లెన్ షాట్ క్రాస్‌బార్‌కి తగలకపోయి ఉంటే గెలిచేవాళ్లే కూడా.

తర్వాతి మ్యాచ్‌లో ఇంగ్లండ్‌ని 83వ నిమిషం దాకా ఆపారు. ఇంగ్లండ్ స్ట్రైకర్ క్రౌచ్ హెడర్ కొట్టేటప్పుడు ట్రినిడాడ్ డిఫెండర్ బ్రెంట్ సాంచో జడల్ని పట్టుకుని లాగాడు, రిఫరీ చూడలేదు, దాని మీద నాకు ఇప్పటికీ మండుతుంది. చివరికి 0-2. పరాగ్వే మీదా అదే స్కోరు, 37 ఏళ్ల లాటపీకి ఆ మ్యాచ్‌లో సబ్‌స్టిట్యూట్‌గా కాసేపు దొరికింది. మూడు మ్యాచ్‌లు, ఒక పాయింటు, ఒక్క గోల్ కూడా లేదు.

తర్వాత రాయ్ కీన్ కోచింగ్‌లో సండర్లండ్‌ని ప్రీమియర్ లీగ్‌కి చేర్చి 2009లో ఆట ఆపేశాడు. కోచ్‌గా మాత్రం ఇంగ్లండ్‌లో తలుపు తెరుచుకోలేదు, నల్లజాతి కోచ్‌లకు ఇంటర్వ్యూ దాకా కూడా రానివ్వడం లేదని బయటికే అన్నాడు. 2017లో దోహా నుంచి అమెరికాలోని మయామి మీదుగా ట్రినిడాడ్ వెళ్లబోతుంటే, పాస్‌పోర్టులో ఇరాన్ ముద్ర ఉందని విమానం ఎక్కనివ్వలేదు. ఎగ్జిబిషన్ మ్యాచ్ ఆడటానికి వెళ్లినప్పటి ముద్ర అది. మళ్లీ ఆస్ట్రేలియానే అవకాశం ఇచ్చింది, 2022లో మకార్థర్ ఎఫ్‌సీ క్లబ్ కోచ్‌గా ఆస్ట్రేలియా కప్ గెలిచాడు.

2024 నవంబర్‌లో సొంత దేశానికి కోచ్ అయ్యాడు. 2026 ప్రపంచ కప్‌కి మాత్రం వాళ్ల గ్రూపు నుంచి నేరుగా వెళ్లింది క్యురసావ్, నెదర్లాండ్స్ రాజ్యంలో భాగమైన, ట్రినిడాడ్ కంటే ఎంతో చిన్న దీవి. ఆ జట్టులో చాలామంది నెదర్లాండ్స్‌లో పుట్టి పెరిగి, అక్కడి అకాడమీల్లో ఆట నేర్చుకుని, తాతల దీవి కోసం ఆడుతున్నవాళ్లు. ఇప్పుడు దీవుల ఫుట్‌బాల్ ఎక్కువగా ఆ దిశలోనే నడుస్తోంది, ట్రినిడాడ్ కూడా అలాంటి కుర్రాళ్లను వెతకాల్సిందే అనిపిస్తుంది నాకు.